నాలుగిళ్లకు ఒకటే ట్రిప్పు

"జల్ది పోనీ కాకా... ఆ బండి తప్పిపోవద్దు."

సంతోషి ఆటోలో ముందుకు వంగి కూర్చుంది.

వాన.

ఆటోకు వైపర్ లేదు. ఎల్లన్న ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో గుడ్డ ముక్క తీసుకుని అద్దం తుడుస్తున్నాడు.

ముందు, వంద గజాల దూరంలో ఎర్ర బైకు.

దాని మీద ముత్యం. రెయిన్‌కోటు కూడా వేసుకోలేదు.

"ఎవల పాణం మీదికొచ్చిందని గట్ల ఉరుకుతున్నడు బిడ్డా?"

"మా తమ్ముని పాణం మీదికేనేమో కాకా."

ఎల్లన్న గుడ్డ ముక్క పక్కన పడేశాడు. ఆటో వేగం పెంచాడు.

అరగంట కిందట ఆమె గోదావరిఖనిలో ఉంది. ఇన్వర్టర్ల సర్వీస్ ఆఫీసులో, కంప్యూటర్ ముందు. ఫోన్లు ఎత్తాలి, కంప్లైంట్లు ఎక్కించాలి, ఏ మెకానిక్ ఏ ఇంటికి పోవాలో చూడాలి. అదే ఆమె డ్యూటీ.

మెకానిక్ ముత్యం లోపలికి వచ్చాడు.

"అక్కా, నా రెండు గంటల కాల్ ఏమైంది? మెసేజ్ రాలే."

"అది సంపత్‌కు కలిపిన."

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి నెల కూడా కాలేదు. దగ్గర దగ్గర ఇళ్ల నుంచి కంప్లైంట్లు వస్తే అదే కనిపెడుతుంది. అన్నీ కలిపి ఒకే విజిట్ చేయాలా అని అడుగుతుంది.

పొద్దున అలాగే అడిగింది.

సెంటినరీ కాలనీలో మూడిళ్లు. వాటికి రెండు కిలోమీటర్ల అవతల, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అంచున ఉన్న పల్లెలో నాలుగో ఇల్లు. మొదటి మూడూ ఆమె తమ్ముడు, మెకానిక్ సంపత్‌వి. ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం ఐదుకు. నాలుగోది ముత్యంది.

నాలుగు గంటలకు కంటి దవాఖానలో అమ్మ కట్టు విప్పుతారు.

"అక్కా, అవ్వ కండ్లు తెరిచేటాళ్లకు నేను ముంగట ఉండాలె. జర సూడు," అని రాత్రే చెప్పాడు సంపత్.

కలిపితే నాలుగూ రెండింటికల్లా అయిపోతాయి.

సంతోషి 'ఎస్' నొక్కింది.

ఆ మాట చెప్పగానే ముత్యం మొఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఆ ఇంటికి నేనే పోవాలె... ఎవలు కలపమన్నరు నిన్ను?"

"ఏమైందన్నా? సంపత్ పోతే ఏంది?"

ముత్యం అప్పటికే వెనక్కి తిరిగాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. కింద బైకు స్టార్టయిన శబ్దం.

తమ్ముడికి ఫోన్ చేసింది. రింగవుతోంది కానీ ఎత్తడం లేదు. నాలుగో కస్టమర్ నంబరు కొట్టింది.

స్విచాఫ్.

అప్పుడు పరుగెత్తింది... చెప్పులు కూడా వేసుకోకుండా.

*

మలుపులో బొగ్గు లారీలు. ఒకదాని వెనక ఒకటి.

ముత్యం రెండు లారీల నడుమ నుంచి దూరాడు. బురదలో బైకు జారింది. పడ్డాడు. లేచాడు. మళ్లీ ఎక్కాడు.

ఎల్లన్న ఆటోను రోడ్డు దించాడు. ఒక చక్రం గాలిలోకి లేచింది.

సంతోషి కడ్డీ పట్టుకుంది.

"ఇంతకు ఏ ఊరికి బిడ్డా?"

చెప్పింది.

ఎల్లన్న వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ ఊర్ల ఇప్పుడు ఎవలున్నరు? ఊరు బొగ్గు బాయిల పోతదని ఉగాదికే అందరు ఖాళీ చేసి పోయిండ్రు. కరెంటు తీగలు గుడ తీసేసిండ్రు."



కరెంటే లేని ఇంట్లో ఇన్వర్టర్ ఎందుకు?

ప్రతి బుధవారం ఆ ఇంటి నుంచి కంప్లైంట్. "సదయ్య నా సెల్లుకే చేసిండక్కా, ఎక్కించు," అని ముత్యమే చెప్పేవాడు. ముత్యమే పోయేవాడు. పని పూర్తయిందని ముత్యమే రాసేవాడు.

సదయ్య గొంతు ఆమె ఒక్కసారి కూడా వినలేదు.

*

ఊరికి కప్పులు లేవు. పోయినవాళ్లు దూలాలు, తలుపులు, కిటికీలు అన్నీ తీసుకుపోయారు. వానలో మొండి గోడలు తడుస్తున్నాయి.

చివరి ఇంటికి మాత్రం తలుపు ఉంది.

ముందు సంపత్ బైకు. స్టాండు వేసి ఉంది.

పక్కనే ముత్యం బైకు. నేల మీద పడి ఉంది. ఇంజను ఇంకా ఆడుతోంది.

"సంపత్!"

లోపల చీకటి. కాల్చిన రబ్బరు వాసన.

మూలన రాగి తీగ, చుట్టలు చుట్టలుగా. బొగ్గు బాయిల దగ్గర దొంగిలించిన కేబుల్ తెచ్చి, పైతొడుగు కాల్చి తీసిన రాగి. పక్కన ఖాళీ బ్యాటరీ డబ్బాలు. వాటి మీద ఆమె కంపెనీ స్టిక్కర్లు. మెకానిక్ బండి మీద బ్యాటరీ డబ్బాను ఎవరు ఆపుతారు? ఎవరు మూత తీసి చూస్తారు?

నేల మీద సంపత్.

తల కింద నెత్తురు.

పక్కనే ముత్యం మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"నేను కొట్టలే అక్కా... నేనొచ్చేసరికే..."

సంతోషి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. కొంగు గాయానికి అదిమింది.

సంపత్ కళ్లు కొద్దిగా తెరిచాడు.

"అక్కా... తలుపు తీసి ఉంటె లోపటికొచ్చిన... ఎన్కకెల్లి ఎవలో..."

"మాట్లాడకు."

"బావకు ఫోన్ చెయ్యి... బావ లారీ ఇటే తిరుగుతది." సంపత్‌కు మళ్లీ తెలివి తప్పింది.

అవును. భూపాల్. ఆమె భర్త. పదేళ్లుగా ఈ దారిలోనే కాంట్రాక్టరు లారీ నడుపుతున్నాడు. ఎంత దూరంలో ఉన్నా వస్తాడు.

నంబరు నొక్కింది.

రింగు...

వెనక గదిలో మోగింది.

సంతోషి ఫోను చెవి దగ్గరి నుంచి తీసింది. వెనక గదిలో ఇంకా మోగుతూనే ఉంది.

ముత్యం తల దించుకున్నాడు.

వెనక గది నుంచి భూపాల్ బయటికి వచ్చాడు. చేతులు రెండూ నల్లగా, కాలిన రబ్బరు మసి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. భార్య వైపు చూడలేకపోయాడు.



"రెండింటికి ముత్యం రావాలె. ఒంటిగంటకే ఎవలో లోపటికొచ్చిండ్రు. పోలీసోడనుకున్న... చీకట్ల మొఖం కనబడలే. పడ్డంక సూసిన సంతోషీ. పడ్డంకనే సూసిన. లారీ బాయి కాడ ఉంది, ఎట్ల తీస్కపోవాల్నో ఎరుక కాలే."

భూపాల్ సంపత్ పక్కన కూలబడ్డాడు.

"గీ ఇంటికి ముత్యం తప్ప ఎవలు రారు. మరి నా బామ్మర్దిని ఎవలు పంపిండ్రు?"

సంతోషి అతని కళ్లలోకి చూసింది.

"నేనే."

*

ఎత్తి ఆటోలోకి చేర్చింది భూపాలే. ముత్యం ఎక్కలేదు. గడప మీద కూలబడి ఉన్నాడు.

సంపత్ తల భూపాల్ ఒళ్లో. కాళ్లు అక్క ఒళ్లో.

ఎల్లన్న హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

సంపత్ పెదవులు కదిలాయి. భూపాల్ వంగాడు.

"బావా... వచ్చినవా."

"వచ్చిన రా."

"నువ్వొస్తవని ఎరుకే." అంగీ పట్టుకున్నాడు. "కొట్టినోడు దొరికితె ఇడ్వకు బావా."

భూపాల్ నోరు తెరిచాడు. తల ఊపాడు.

సంపత్ దానికే తృప్తి పడ్డట్టున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి అంగీ మీది వేళ్లు వదులయ్యాయి.

సంతోషి తమ్ముడి అరికాలు రుద్దింది. మళ్లీ రుద్దింది. ఇంకా గట్టిగా రుద్దింది.

తర్వాత ఆపింది.

వాన కూడా వెలిసింది.

"కాకా," అంది. "దవాఖానకు వద్దు. పోలీస్ స్టేషన్‌కు పోనీ."

ఎల్లన్న అద్దంలో ముగ్గురినీ చూశాడు. ఆటో మళ్లించాడు.

చౌరస్తాలో లారీలు అడ్డం వచ్చి ఆటో ఆగింది. భూపాల్ కూర్చున్న వైపు తెరిచే ఉంది. ఒక్క అడుగు వేస్తే రోడ్డు. రోడ్డు దాటితే జొన్న చేలు.

సంతోషి అతన్ని పట్టుకోలేదు. అతని వైపు చూడను కూడా లేదు.

లారీలు పోయాయి. ఆటో కదిలింది.

గాయం నుంచి నెత్తురు రావడం ఆగి చాలాసేపయింది. భూపాల్ మాత్రం దాని మీద అదిమిన చెయ్యి తియ్యలేదు.