కుర్చీలోంచి లేవకూడని మనిషి

కెనాన్‌ని ట్రాబ్జోన్ చేపల మార్కెట్లో పట్టపగలే పొడిచారు. మంచుగడ్డల పెట్టెల మధ్య కూలబడి, ఊపిరి పోయేలోపు ఒక్క మాట అన్నాడు: "హోటల్లోనే... ముసలాయన్ని."

"ఆ ముసలాయన బతల్ కుతర్బా," అన్నాడు ముజఫర్ బే. టర్కీ గూఢచారి విభాగంలో నల్లసముద్రం సెక్షన్‌కి ఆయనే చీఫ్. "అబ్ఖాజియా తరఫున రేపు ఇక్కడికి మాట్లాడటానికి వస్తున్నాడు."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ సెఫెర్ తల ఊపాడు. కెనాన్ కూడా ఏజెంటే, అతని స్నేహితుడు.

"మన కాగితాల ప్రకారం ఆ దేశం లేనే లేదు," చీఫ్ కొనసాగించాడు. "అది జార్జియాలో ముక్క. కానీ ఆ లేని దేశం బొగ్గు మన పొయ్యిల్లో మండుతోంది, మన పిండి వాళ్ల రొట్టెల్లోకి వెళ్తోంది. మధ్యలో మన పడవని జార్జియా గస్తీవాళ్లు పట్టుకుంటే మనం నిరసన, వాళ్లు నిరసన. కెప్టెన్ మాత్రం జైల్లో. రేపటి మాటలు సరుకు గురించి కాదు, జనం ఎక్కే ఓడ గురించి. ఆగిపోయి పదేళ్లయింది. జార్జియా కూడా పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకుంది, ముసలివాళ్ల వరకైతే సరేనంది."

"ఎవరికి కంటగింపు మరి?"

"లంగరు ముఠాకి. మూడు దేశాల దొంగలు, ఏ దేశానికీ చెందనివాళ్లు. దొంగదారిన సరుకు చేరేసి పదింతలకి అమ్ముకుంటున్నారు. ఈ రోజు మనుషుల ఓడ వచ్చిందంటే రేపు అనుమతితోనే సరుకు ఓడ వస్తుంది. వాళ్ల పొట్ట కొట్టినట్టే. బతల్ టర్కీ గడ్డమీద చచ్చాడనుకో, ఇంకో తరం దాకా ఆ ఓడ మాట ఎవరూ ఎత్తరు."

ఆ ఓడ మాట సెఫెర్ పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాడు. అతని ముత్తాతలు యుద్ధంలో ఓడి అబ్ఖాజియా ఒడ్డు వదిలి వచ్చినవాళ్లే. దారిలో పోయినవాళ్లని సముద్రంలోకే వదిలారు. అందుకని ఆ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ సముద్రం చేప ముట్టరు. దూజే దగ్గర పల్లెలో అతని తల్లి ఫెరిదే, కళ్లు కనిపిస్తుండగానే ఒక్కసారి ఆ నేల మీద అడుగుపెడితే చాలంటుంది. కొడుకు మనసులో ఆ కోరిక ముల్లులా గుచ్చుకుని ఉంది.

"ముఠాలో మన మనిషి ఉంది," అన్నాడు చీఫ్. "ముసలాయన మనవరాలే. రేపు ఆయన దుబాసీగా వస్తుంది. ముఠావాళ్లు తమ మనిషే అనుకుంటున్నారు. పేరు అసిదా కుతర్బా."

సెఫెర్ ముఖంలో ఏమీ కదల్లేదు. అలా కదలకుండా ఉండటానికే ప్రభుత్వం జీతమిస్తోంది పాపం.

మర్నాడు మధ్యాహ్నం హోటల్ పై అంతస్తులో సెఫెర్ సర్వర్ వేషంలో ఉన్నాడు. పెట్టుడు మీసం, చేతిలో టీ పళ్లెం, జేబులో సిగరెట్ లైటర్. ఆ లైటర్ నొక్కితే చుట్టుపక్కల ఏ రిమోటూ పనిచెయ్యదు. బాంబు కోసం హాలుని కుక్కలతో రెండుసార్లు వెతికించారు. ఏమీ దొరకలేదు.

వరండాలో అసిదా ఎదురైంది. పచ్చ పట్టు గౌను, ముత్యాల చెవిపోగులు. చూసినవాళ్లు కాసేపు నడక మర్చిపోయేలా ఉంది. మనిషి చిక్కిపోయిందని సెఫెర్‌కి మాత్రమే తెలిసింది.

"చేప వడ్డించమంటారా మేడమ్?" కోడ్ మాట అది.

"మా ఇంట్లో తినరు." జవాబు కూడా సరిపోయింది. వెంటనే ఆమె దగ్గరగా జరిగింది. "సెఫెర్, కొంప మునిగింది. బాంబు తాత కుర్చీలోనే ఉంది."

"కుక్కలు పట్టలేదే?"

"కుర్చీ ఇప్పుడే మార్చారు. తాత నడుము నొప్పికని చెప్పి మెత్తటిది తెప్పించారు. ముఠా మనిషి లోరెంజ్ లిఫ్టులో నవ్వుతూ చెప్పాడు. కూర్చుంటే ఏమీ కాదట, లేస్తే పేలుతుందట."

సెఫెర్ జేబులో లైటర్ అక్కరకు రాని చుట్టమైపోయింది.

"తాత లేస్తాడని వాళ్లకెలా తెలుసు?"

"నేనే చెప్పాను." ఆమె కళ్లు నిండాయి. "ఎప్పుడో మాటల్లో, గొప్పగా. గుమ్మంలోకి పాలబ్బాయి వచ్చినా మా తాత లేచి నిలబడతాడు, మావాళ్ల మర్యాద అలాంటిదీ అని. నా నోటికి తాళం పడ. పరువు కోసం చెప్పుకున్నదే పాడె కట్టేలా ఉంది."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అంకారా ప్రతినిధి సెజాయ్ బే, వెనక నలుగురు ఆఫీసర్లు. లిఫ్టులోంచి హాలు గుమ్మానికి నాలుగడుగులు. హాల్లో బతల్ కుతర్బా అప్పుడే కుర్చీలో సర్దుకుంటున్నాడు, చుట్టూ ఇరవైమంది.

సెఫెర్ బుర్ర పరుగెత్తింది. బాంబు అని అరిస్తే? ఆయన యుద్ధం చూసినవాడు, అతిథులకి అడ్డు నిలబడటానికి ముందు తానే లేస్తాడు. లేవకండి అంటే? ఎందుకు నాయనా అంటూ లేస్తాడు. నిలబడినవాడితో కూర్చుని మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. బతల్ కుతర్బా ఎవరిని చూసి లేవడో, అలాంటి మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు.

సెఫెర్ మీసం పీకేసి హాల్లోకి నడిచాడు. వెనకే సెజాయ్ బే గుమ్మంలోకి వచ్చాడు. అతిథిని చూడగానే ముసలాయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనాయి, నడుము ముందుకు వంగింది.

"బతల్ తాతా," సెఫెర్ అబ్ఖాజ్ భాషలో గట్టిగా అన్నాడు. "నేను ఫెరిదే కొడుకుని. మా నానమ్మ పుట్టింటివాళ్లు కుతర్బాలు. నేను కుతర్బాల పిల్లని పెళ్లి చేసుకున్నాను."

హాలు చప్పబడిపోయింది. వాళ్లలో ఇంటిపేరు కలిస్తే, నానమ్మ వైపుదైనా సరే, అన్నాచెల్లెళ్లే. ఆ కట్టు తప్పినవాడికి ఎవరూ నీళ్లివ్వరు, ఎవరూ లేవరు.

బతల్ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. "ఏ పిల్లని?"

ఆమె పేరు తన నోటితో చెప్పనని సెఫెర్ గుమ్మం దాటేటప్పుడే అనుకున్నాడు.

"నన్నే, తాతా," గుమ్మంలోంచి అసిదా అంది. "ఇస్తాంబుల్లో. మాకు ముందు తెలీదు. తెలిశాక విడిపోయాం. తెలిసిన రోజునే కాదు, మూడు నెలలకి."

ముసలాయన చేతులు కుర్చీని నులిమేస్తున్నాయి. ముఖం నల్లబడింది. కొట్టడానికైనా లేస్తాడేమోనని సెఫెర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మెల్లగా, చాలా మెల్లగా, బతల్ వెనక్కి వాలి తల తిప్పేసుకున్నాడు.

"నిన్ను కొట్టడానికి కూడా లేవను," అన్నాడు.

"లేవకండి. మీ కింద బాంబు ఉంది, లేస్తే పేలుతుంది," సెఫెర్ గొంతు తగ్గించి చెప్పాడు. "ముందే చెబితే మావాళ్లకి అడ్డంగా మీరే లేచి నిలబడేవారు."

ముసలాయన సెజాయ్ బే వైపు తిరిగి, "క్షమించండి, నడుము పట్టేసింది. మీరంతా కింద టీ తాగుతూ ఉండండి, వస్తాను," అన్నాడు. ఆ గొంతులో తొణుకు లేదు.

కింద లోరెంజ్ కారెక్కబోతుంటే పట్టుకున్నారు. కెనాన్‌ని పొడిచిన కత్తి కూడా ఆ కారులోనే దొరికింది. బాంబు నిపుణులు బతల్ జారిన కొద్దీ, కుర్చీ మీద బరువు తగ్గకుండా ఆ చోట ఇసుక బస్తాలు దోపుతూ ఆయన్ని బయటికి తీశారు. సాయంత్రానికి ఒప్పందం కుదిరింది. అందులో దేశం పేరు ఎక్కడా లేదు, "ఆ ఒడ్డు" అని రాసుకున్నారు.

వెళ్తూ బతల్ సెఫెర్ ముందు ఆగాడు. చూపు మాత్రం గోడ మీదే. "నా ప్రాణం నిలబెట్టావు, కాదనను. మా గుమ్మం తొక్కకు. ఆ పిల్ల కూడా తొక్కకూడదు."

ముఠా కంటపడకుండా అసిదాని ఆ రాత్రే వేరే పేరుతో వేరే దేశం పంపేశారు. కారు దగ్గర అడిగింది: "ఏదైనా అబద్ధం చెప్పకపోయావా?"

"అబద్ధానికి ఆయన ఆగేవాడా?"

ఆమె అతని చొక్కా గుండీ సరిచేసింది. వెళ్లిపోయింది. సెఫెర్ ఏడ్చాడు. చూసినవాళ్లు లేరు కాబట్టి రిపోర్టులోకి ఎక్కలేదు.

వసంతంలో మొదటి ఓడ కదిలింది. దూజే ముసలమ్మలందరూ ఎక్కారు. ఫెరిదే కూడా ఎక్కింది. హోటల్లో కొడుకు చెప్పిన మాట అప్పటికే దూజే దాకా పాకింది. రేవులో కొడుకు పక్కనుంచే నడిచింది, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. తల తిప్పలేదు. మెట్ల మీద ఒకసారి కాలు తడబడితే సెఫెర్ ముందుకు ఉరికాడు. ఆమె ఎవరో పరాయివాడి చెయ్యి పట్టుకుని పైకెక్కింది.

ఓడ చిన్నదయ్యేదాకా చూసి ముజఫర్ బే నెమ్మదిగా అన్నాడు: "నీ పెళ్లి సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఆమెతో పని నువ్వే చెయ్యగలవని నీకిచ్చాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు."

సెఫెర్‌కి కోపం రావలసింది. రాలేదు. ఒంట్లో అంత ఓపిక మిగల్లేదు.

"ఇప్పుడు నన్ను గుమ్మంలోకి రానిచ్చే ఇల్లు లేదు సార్. శుక్రవారం భోజనానికి మీ ఇంటికి రావచ్చా?"

ముజఫర్ బే గొంతు సవరించుకున్నాడు.

"రా. కాకపోతే ఏ పేరుతో వస్తావో ముందే చెప్పు. మా ఆవిడకి చెప్పాలిగా."