సగమోడు

చీకటి పడ్డాక నది దాటాల్సి వస్తే మనుషులు చుట్టూ తిరిగి పాత వంతెన మీదుగా పోయేవాళ్ళు గానీ, ఆ గొట్టం జోలికి మాత్రం వెళ్ళేవాళ్ళు కాదు. మొండివాళ్ళు ఒకరిద్దరు వెళ్ళారు. ఒంటినిండా దెబ్బలతో తిరిగొచ్చాక వాళ్ళూ మానేశారు.

ఇది మా మావయ్య చెప్పింది. అవతలి ఒడ్డున పంపుహౌస్‌లో రాత్రి డ్యూటీ ఆయనది. కొంత కళ్ళతో చూశాడు, కొంత గాయాలకి కట్టు కడుతూ విన్నాడు. నేను కలిపిందేమీ లేదు.

ముందు ఆ గొట్టం సంగతి చెప్పాలి. ఈ ఒడ్డునొక ఇనుప టవరు, ఆ ఒడ్డునొక టవరు. రెండింటి మీంచీ తొడ లావు కేబుళ్ళు. వాటి నుంచి కిందికి వేలాడే తీగలు. ఆ తీగల్లో, ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు, ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద గొట్టం. మనిషి ఛాతీ దాకా వస్తుంది. దాని పక్కన ఒక్క మనిషి పట్టేంత ఇనుప జల్లెడ బాట— అదీ ఒక్క వైపే. రెండో వైపు ఏమీ లేదు. గొట్టం కింద అడ్డంగా వేసిన దూలాల కొనలు జానెడేసి పొడుచుకొచ్చి ఉంటాయి... వాటి కింద నది.

గొట్టం నెత్తిన, ఈ చివర నుంచి ఆ చివరికి, బిగించి కట్టిన తీగ ఒకటి ఉంటుంది. నడిచేవాళ్ళు నడుముకి బెల్టు కట్టుకుని, బెల్టు తాడు కొక్కేన్ని ఆ తీగకి తగిలించి, వెనకే ఈడ్చుకుంటూ పోవాలి. కాలు జారినా తాడు పట్టుకుంటుంది.

ఆ గొట్టాన్ని వేలాడదీసే రోజుల్లో ఒక కేబుల్ తెగిందట. బిగిసి ఉన్న కేబుల్ తెగితే కొరడా దాని ముందు దిగదుడుపే. అది ఈల వేసుకుంటూ వచ్చి ఒక పనివాడి నడుముకి తగిలింది. కింది సగం బాట మీద నిలబడే ఉందట కాసేపు. పై సగం నదిలో పడింది... దొరకలేదు.

అప్పటినుంచీ వాడి పేరు సగమోడు. కాళ్ళు లేవు కాబట్టి చేతులతోనే కేబుళ్ళు పట్టుకుని తిరుగుతాడని, కాళ్ళున్నవాడు కనిపిస్తే ఓర్వలేడని చెప్పుకునేవాళ్ళు.

మావయ్యతో పాటు పంపుహౌస్‌లో ఇంకొకడు పనిచేసేవాడు. అందరూ వాణ్ణి గునపం అనేవాళ్ళు. మనిషి అలాగే ఉండేవాడు— నిలువుగా, బిరుసుగా, ఎక్కడ దిగితే అక్కడ గొయ్యే. ఇల్లు ఊరివైపు. పాత వంతెన చుట్టుతిరుగుడు వాడికి చిరాకు. గొట్టం మీదుగానే డ్యూటీకి వచ్చేవాడు.

"దెయ్యం గియ్యం జాన్తా నై" అనేవాడు.

ఇంట్లో వాడి తల్లి, పెళ్ళాం. పెళ్ళాం కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టేది. తల్లి కేబుళ్ళకి గ్రీజు రాసే ముఠాలో పనిచేసి, వయసైపోయిందని ఆ మధ్యే మానేసింది. గునపానికి కోపం వస్తే చేతిలో ఏముంటే దాంతో పెళ్ళాన్ని బాదేవాడు. బెల్టు, చెంబు, చెప్పు... ఏదైనా సరే. ఒకసారి తల్లి అడ్డం వెళ్తే ఆవిణ్ణీ తోసేశాడు. గోడకి తల తగిలి నెత్తురు కారింది. ఆ తర్వాత ఆవిడ అడ్డం వెళ్ళలేదు. తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉండేది, అంతే.

ఒక సాయంత్రం మిషన్ చప్పుడుకి నిద్ర చెడిందని లేచి, పెళ్ళాం చెంప పగలగొట్టాడు. చెవిలోంచి నెత్తురు వచ్చింది. మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని, డ్యూటీకి బయల్దేరాడు.

ఆ రాత్రి వాడు పంపుహౌస్ తలుపు తీసుకుని రాలేదు— తలుపు మీద పడ్డాడు.

పెదవి చీలిపోయింది. ముందు పన్ను ఒకటి లేదు. వీపు మీద వేలెడు మందాన వాతలు.

"ఎవర్రా?" అన్నాడు మావయ్య.

గునపం గోడకి చేరగిలబడ్డాడు. నోట్లో నెత్తురు ఉమ్మి, గుసగుసగా అన్నాడు—

"కాళ్ళు లేవన్నా... వాడికి కాళ్ళు లేవు."

గొట్టం మధ్యకి వచ్చేసరికి వెనకనుంచి వీపు మీద దెబ్బ పడిందట. తిరిగాడు. గొట్టానికి అవతలి వైపు... మనిషి నిలబడటానికి చోటు లేని వైపు... గొట్టం మీంచి లేచి ఉంది ఒక మనిషి పై సగం. నల్లటి తల. మొహం లేదు. చేతిలో తెగిన కేబుల్ ముక్క. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. వీడు చేతులు అడ్డం పెట్టుకునేలోపే మూతి మీద పడింది. టార్చి నదిలో పడిపోయింది. తర్వాత చూస్తే ఎవరూ లేరు. తీగలు ఊగుతున్నాయి.

"ఇంక చుట్టూ తిరిగి రారా నాయనా" అన్నాడు మావయ్య.

కొన్నాళ్ళు అలాగే వచ్చాడు. భయం, పన్నుపోటు రెండూ ఒకేసారి తగ్గినట్టున్నాయి, మళ్ళీ గొట్టమెక్కాడు. ఏమీ కాలేదు. వారం పైగా ఏమీ కాలేదు. అదంతా కల అనుకునే దాకా వచ్చాడు.

అంతలో ఇంట్లో మళ్ళీ గొడవ. ఈసారి పెళ్ళాన్ని జుట్టు పట్టుకుని గడప దాకా ఈడ్చి, కడుపులో తన్నాడు.

ఆ రాత్రి సగమోడు మాటు వేసినట్టే వచ్చాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. కూలబడ్డాడు. రెండోది పక్కటెముకల మీద— లోపల ఏదో విరిగిన చప్పుడు వాడికే వినిపించిందట. పాక్కుంటూ పోబోతే మూడోది చేతివేళ్ళ మీద పడింది. పట్టు తప్పింది. బాట అంచు మీంచి జారిపోయాడు...

బెల్టు పట్టుకుంది. కొక్కెం తీగకి ఉంది కాబట్టి గాల్లో వేలాడాడు, కసాయి కొట్లో మాంసంలాగా. పైనుంచి ఊపిరి వినిపించింది. ఆయాసపడుతున్న ఊపిరి.

వాడు ఎలాగో పైకి పాకి వచ్చేసరికి అక్కడ గ్రీజు వాసన తప్ప ఏమీ లేదు.

మావయ్య వాడి పక్కటెముకలకి గుడ్డ బిగించి కట్టాడు. "ఇది మనిషి పని కాదురా. ఆ వైపు నిలబడటానికి నరుడికి చోటెక్కడుంది? ఒట్టేసి చెప్పు, ఇంక ఎక్కనని."

గునపం ఒట్టు వెయ్యలేదు. వాడి కళ్ళల్లో భయం లేదు— అవమానం ఉంది. దెబ్బలు తినడం వాడికి అలవాటు లేని పని.

ఎముకలు అతుక్కునే దాకా ఇంట్లోనే పడి ఉన్నాడు. ఆ కోపమంతా ఎవరి మీద చూపిస్తాడు? డ్యూటీలో చేరాల్సిన రోజు సాయంత్రం, పెళ్ళాం ఎదురు చెప్పిందని, ఆవిడ కుడిచెయ్యి లాగి మిషన్ బల్ల మీద పెట్టి, మిషన్‌కి కప్పే ఇనుప మూత ఎత్తి... వేళ్ళ మీద దించాడు.

మూడు వేళ్ళు విరిగాయి.

"ఇప్పుడు కుట్టు చూద్దాం" అన్నాడు.

ఆ పిల్ల కేక కూడా పెట్టలేదట. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుంది. అత్తగారు తలుపు పక్కన నిలబడి చూసింది. తర్వాత వచ్చి, కోడలి వేళ్ళకి తడిగుడ్డ చుట్టి, పక్కింటావిణ్ణి తోడిచ్చి ఆస్పత్రికి పంపింది. కొడుకు వైపు తిరిగి కూడా చూడకుండా తనూ బయటికి వెళ్ళిపోయింది.

గునపం నడుముకి బెల్టు కట్టుకున్నాడు. చొక్కా లోపల పెద్ద స్పానర్ దోపుకున్నాడు. పంపుహౌస్‌కి ఫోన్ చేశాడు.

"వస్తున్నానన్నా. గొట్టం మీంచే వస్తున్నా. ఇవాళ వాణ్ణి చంపేస్తా."

"ఒరే, వాడు చచ్చే అక్కడున్నాడు కదరా!" అన్నాడు మావయ్య. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

గాలి గట్టిగా ఉంది ఆ రాత్రి. కేబుళ్ళు మూలుగుతున్నాయి. గునపం టార్చి వెలిగించలేదు. కొక్కెం తీగకి తగిలించి మెల్లగా నడిచాడు... మధ్యకి వచ్చి ఆగాడు. స్పానర్ బయటికి తీశాడు.

"రా" అన్నాడు.

ఏమీ లేదు.

"రారా... కాళ్ళు లేని కుక్కా!"

గొట్టం అవతలి నుంచి నల్లటి తల లేచింది. భుజాలు లేచాయి. ఒక చెయ్యి గొట్టం మీదికి వచ్చింది...

కేబుల్ ముక్క వాడి చెంప చీల్చింది. ఈసారి వాడు వెనక్కి తగ్గలేదు. స్పానర్ తిప్పి కొట్టాడు. ఠక్ మంది— ఎముక. ఆ ఆకారం కిక్కురుమనలేదు. వాడి జుట్టు పట్టుకుని మొహాన్ని గొట్టానికేసి మోదింది. ముక్కు చితికింది. కళ్ళల్లోకి నెత్తురు వచ్చింది. గుడ్డిగా మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. భుజం మీద. మెడ పక్కన. ప్రతి దెబ్బకీ వాడి నోట్లోంచి బూతు, అవతల నుంచి ఊపిరి... అంతే.

జుట్టు మీద పట్టు వదిలింది.

నల్లటి తల వెనక్కి వాలింది. గొట్టాన్ని గోళ్ళతో గీరుతూ జారిపోయింది.

గునపం నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. దెయ్యం నీళ్ళల్లో పడ్డ చప్పుడు రాలేదు. కింద నుంచి ఎవరో మూలుగుతున్నారు. ఆడమనిషి మూలుగు.

టార్చి తీసి గొట్టం మీంచి వంగి చూశాడు.

దూలం కొనని ఒక్క చేత్తో పట్టుకుని వేలాడుతోంది— మొహానికి నల్ల గుడ్డ. గుడ్డ జారిపోయింది.

వాళ్ళమ్మ.

టార్చి పడిపోయింది. వాడు ఆలోచించలేదు. గొట్టం మీద బోర్లా పడి, కాళ్ళు బాట మీంచి గాల్లోకి లేచేదాకా అవతలికి వంగి, చీకట్లో తడుముకుని ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మా... చెయ్యి వదలకు."

"వదిలెయ్ రా." ఆవిడ గొంతు గాలిలో సరిగా వినిపించలేదు. "వంగకు... నువ్వూ పోతావు."

"నాకు బెల్టుంది. లాగుతా."

ఆవిడ ఇంకేమీ అనలేదు.

ఎంతసేపు లాగాడో వాడికే తెలీదు. అతుక్కున్న పక్కటెముక మళ్ళీ విరిగింది. ఏడుస్తూ లాగాడు, తిడుతూ లాగాడు. చివరికి ఆవిణ్ణి గొట్టం మీదికి, అక్కడి నుంచి బాట మీదికి దించి, భుజాన వేసుకుని నడిచాడు.

మావయ్య తలుపు తీసి చూసేసరికి ఇద్దరూ నెత్తురు ముద్దలు. ఏది ఎవరి నెత్తురో తెలియలేదట. ఆవిడ ముంజేయి రెండుగా వంగి ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, చేతికి చెక్క పెట్టి కట్టు కట్టాడు. ఆవిడ పళ్ళు బిగబట్టి పైకప్పు వైపు చూస్తూ ఉంది. ఎన్నో ఏళ్ళు ఆ దూలాల కొనల మీద అడుగులు వేసి, చీకట్లోనూ వెలుగులోనూ గ్రీజు రాసిన మనిషి. నరుడికి చోటు లేదన్న వైపు ఆవిడకి వరండాలాంటిది.

"ఎందుకమ్మా?" అన్నాడు గునపం. నేల మీద కూర్చుని ఉన్నాడు.

"మీ నాన్న నన్ను కొట్టినన్నాళ్ళూ వాణ్ణి ఆపేవాళ్ళు ఒక్కరు కూడా రాలేదు రా" అంది. "నీకు చెప్తే వినవు. దెయ్యం చెప్తే వింటావనుకున్నా."

వాడు మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. తెల్లవారేదాకా ఎత్తలేదు.

గునపం మారాడా అంటే— మారాడనే అంటాడు మావయ్య. దాంతో పెళ్ళానికేం పని? వేళ్ళు అతుక్కోగానే ఆవిడ ఆ ఇల్లు వదిలేసింది. అక్క ఉన్న ఊరు వెళ్ళిపోతూ అత్తగారిని కూడా రమ్మంది. ఆవిడ వెళ్ళింది. కొడుకు బస్సు దాకా కుట్టుమిషన్ మోసుకొచ్చి పెట్టి, దూరంగా నిలబడ్డాడు.

సాగనంపడానికి వెళ్ళిన మావయ్య, బస్సు కిటికీ దగ్గర ఆవిణ్ణి మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మా, ఇంతకీ ఊళ్ళో మిగతావాళ్ళని కొట్టింది కూడా నువ్వేనా?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు నాయనా. నేను ఎక్కింది మూడుసార్లే." ఆవిడ దూరంగా నిలబడ్డ కొడుకు వైపు చూసింది. గొంతు తగ్గించింది. "మొదటి రెండుసార్లూ భయపెడదామని వెళ్ళా. ఆ చివరిసారి... భయపెట్టడానికి కాదు."

మావయ్యకి అర్థం కాలేదు.

"వాడు మధ్యలో ఆగి రా రా అని అరుస్తున్నాడు చూడు... అప్పటికే గొట్టం అవతల నుంచి చెయ్యి చాపి వాడి కొక్కెం తీసేశాను."

బస్సు కదిలింది.

"నన్ను పైకి లాగినంతసేపూ వాణ్ణి పట్టుకున్నది ఏదీ లేదు" అంది. "వాడికి చెప్పకు."