ఇరవై రెండు మిల్లీమీటర్లు

"సార్, మీరు కొలుస్తున్నది నా చెప్పుని."

టేపు కొస నేలకి ఆనించి బండి తలుపు ఎత్తు చూస్తున్న కుర్రవాడు ఉలిక్కిపడి తలెత్తాడు. నిజమే. టేపు కొస ఒక చెప్పు మీద ఉంది. ఆ చెప్పులో కాలుంది. ఆ కాలు తాలూకు అమ్మాయి చేతిలో రంగు డబ్బాతో నిలబడి, నవ్వాలా అరవాలా అని ఆలోచిస్తోంది.

"సారీ అండీ. అందుకేనేమో రెండు సెంటీమీటర్లు తేడా వచ్చింది."

"కొత్త చెప్పు కదా. అరిగాక రండి, తేడా తగ్గుతుంది," అంటూ ఆమె షెడ్డు లోపలికి వెళ్ళిపోయింది.

అతనిది అద్దాలు బిగించే పని. దుకాణాల ముందుండే నిలువెత్తు అద్దాల పని. అద్దం ఒక్క మిల్లీమీటరు పెద్దదైతే చట్రంలో దూరదు, చిన్నదైతే గాలికి గలగలమంటుంది. అందుకని కొలవనిదే దేన్నీ నమ్మడు. తన మంచానికీ గోడకీ మధ్య ఎంత ఖాళీ ఉందో నిద్రలో అడిగినా చెబుతాడు. అందరూ అతన్ని మిల్లీమీటర్ అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది తనతోపాటు పని చేసే సొంత బాబాయే గనక ఎవరితో పోట్లాడటానికీ లేదు.

ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ముదురు నీలం పికప్ కొన్నాడు. ఇంజను బంగారం. రూపమే బోసి. "ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుందిరా," అన్నాడు బాబాయి. ఆ మాట మనసులో గుచ్చుకుని, బండిని తిన్నగా పెయింటు మాస్టరు షెడ్డుకి తోలుకొచ్చాడు.

"రంగులరాట్నంలా వద్దండీ," అని మాస్టరుకి ముందే చెప్పాడు. "చిన్న చిన్నవి చాలు. సైడు అద్దాలకి వెండిరంగు తొడుగులు. తలుపు పిడుల కింద కాస్త మెరుపు. రెండు పక్కలా ముందు నుంచి వెనకదాకా ఒక్కొక్క తెల్లగీత. సన్నగా."

"గీత చేత్తో గియ్యాలా, స్టిక్కరు అంటించాలా బాబూ?"

"ఏది తిన్నగా వస్తే అది."

మాస్టరు ముప్పై ఏళ్ళుగా బళ్ళ మీద గీతలు గీసిన మనిషి. దాపరికం లేనివాడు. "మా అమ్మాయి చేత్తో గీస్తుంది. నేను స్టిక్కర్లు కోసే మిషను తెద్దామంటున్నాను. వారం రోజుల్నుంచి ఇద్దరికీ యుద్ధం. సరే, నీ బండితో తేల్చేసుకుంటాం. నువ్వు బాగుందంటే కుంచె ఉంటుంది. బాలేదంటే మిషను వస్తుంది, అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఏమ్మా?"

"అలాగే నాన్నా," అందామె. మాటలో ధైర్యం ఉంది గానీ వేళ్ళు కుంచె కాడని నలిపేస్తున్నాయి.

ఆమె బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. "దీంట్లో రోజూ ఎంత బరువు వేస్తారు?"

"అయిదారు అద్దాలు. వాటితో మా బాబాయి. బాబాయే ఎక్కువ బరువు."

"ఖాళీగా ఎప్పుడు తిరుగుతుంది?"

"నేను సినిమాకి వెళ్ళినప్పుడు. ఒక్కణ్ణే వెళ్తాను లెండి." చివరి ముక్క కాస్త నొక్కి పలికాడు.

"అది అడగలేదు."

అని వెనక తొట్టిలోకి ఎక్కింది. చివరదాకా నడిచి, రెండుసార్లు గెంతింది. బండి వెనకభాగం కిందికి నొక్కుకుని లేచింది. ఆమె ఏమీ ఎరగనట్టు దిగి, చేతులు దులుపుకుంది. పిల్ల బంగారమే గానీ కాస్త తిక్కలా ఉందే అనుకున్నాడు మిల్లీమీటర్. తిక్క మీద అతనికి అభ్యంతరమేమీ లేదు.

"దారం పట్టరా? టేపు అంటించరా?" అన్నాడు, ఆమె కుంచె రంగులో ముంచుతుంటే.

"మాట్లాడకండి. ఊపిరి కూడా అటు తిరిగి పీల్చుకోండి."

వేలెడు పొడుగు వెంట్రుకలున్న కుంచె అది. చిటికెన వేలు రేకు మీద ఆనించి, ముందుచక్రం పైన కుంచె పెట్టి, ఆమె పక్కకి నడవడం మొదలుపెట్టింది. చెయ్యి కదల్లేదు. మనిషే కదిలింది. ఆ నడక వెనకాలే తెల్లటి గీత పుట్టుకొస్తోంది. తలుపు వచ్చింది, దాటింది. తలుపుకీ తొట్టికీ మధ్య సందు వచ్చింది, గీత ఇవతల ఆగి అవతల మొదలైంది, నడుమ ఖాళీ ఉన్నట్టే లేదు. మధ్యలో రంగు అయిపోతే మళ్ళీ ముంచుకుని ఆగినచోటే మొదలుపెట్టింది. ఆ అతుకు ఎక్కడుందో వెతికి వెతికి అతను ఓడిపోయాడు.

అద్దం కోసేటప్పుడు చెయ్యి మధ్యలో ఆగకూడదు. ఆగితే అద్దం దాని ఇష్టం వచ్చినట్టు పగులుతుంది. ఆ ఒక్క లాగుడు నేర్చుకోవడానికి అతనికి నాలుగేళ్ళు పట్టింది, పదకొండు కుట్లు పడ్డాయి. కాబట్టి తాను చూస్తున్నదేమిటో అతనికి బాగా తెలుసు. ఆమె కుంచె దించి నుదుటి చెమట తుడుచుకునేసరికి అతను నోరు తెరిచి నిలబడి ఉన్నాడు.

"ఇక పీల్చుకోవచ్చు," అందామె.

రెండో పక్క మర్నాడు గీస్తానని, అప్పటిదాకా బండి షెడ్డులోనే ఉండాలని చెప్పింది. అతను ఇంటికి నడిచే వెళ్ళాడు. దారి పొడుగునా ఆ చెయ్యే కళ్ళ ముందుంది.

పొద్దున్నే వచ్చాడు. ఆమెతో చెప్పడానికి ఒక మంచి మాట తయారుచేసుకుని వచ్చాడు. ఆమె ఇంకా రాలేదు. చేతులు ఊరుకోవు కదా, టేపు తీశాడు. బండి కింది అంచు నుంచి గీతకి ముందు వైపు నాలుగువందల ఎనభై. వెనక వైపు అయిదువందల రెండు.

మళ్ళీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. అవే అంకెలు.

"ఎలా ఉంది బాబూ?" మాస్టరు వెనకాలే నిలబడి ఉన్నాడు.

"చాలా బాగుందండీ. కాకపోతే..." అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. "వెనక్కి వెళ్ళేకొద్దీ ఇరవై రెండు మిల్లీమీటర్లు పైకి పోయింది."

మాస్టరు టేపు తీసుకుని తనే కొలిచాడు. అప్పుడే వచ్చిన కూతురు గుమ్మంలో ఆగిపోయింది.

"టేపు అబద్ధం చెప్పదమ్మా," అన్నాడాయన మెల్లగా.

ఆమె తండ్రిని కాదు, అతన్ని చూసింది. "నిన్నంతా ఇక్కడే నిలబడి చూశారుగా. మీ కంటికి ఎలా ఉంది?"

"కంటికి బాగానే ఉంది. కానీ—"

ఆ 'కానీ' దగ్గర ఆమె మొహం ముడుచుకుపోయింది. "చెప్పి ఒప్పించాల్సొస్తే అది గీతే కాదని నాకు నేర్పింది మీరే నాన్నా. తుడిచెయ్యండి." లోపలికి వెళ్ళి కుంచెలు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టింది.

"రంగు ఇంకా పచ్చిగానే ఉంది. సాయంత్రం బండి తీసుకురా బాబూ, తుడిచి స్టిక్కరు వేయిస్తా," అన్నాడు మాస్టరు. "మిషను అమ్మే అతన్ని మధ్యాహ్నం రమ్మంటాను."

తాను చెప్పింది నిజమే. అయినా ఏదో దొంగతనం చేసినవాడిలా బండెక్కాడు మిల్లీమీటర్.

ఆ రోజు ఒక కొత్త బట్టల దుకాణానికి ఆరు అద్దాలు బిగించాలి. అతనూ బాబాయీ అద్దాలు ఎక్కించి, దుకాణం ఎదురుగా రోడ్డుకి అవతలి పక్కన బండి ఆపారు. మొదటి అద్దం మోసుకొచ్చి, చట్రంలో నిలబెట్టి, చుట్టూ రబ్బరు నొక్కి, గుడ్డతో తుడిచి, అతను నాలుగడుగులు వెనక్కి వేశాడు.

అద్దంలో వీధి కనిపించింది. వీధిలో ఒక నీలం బండి నిలబడి ఉంది. దాని పక్కరేకు మీద ఒక తెల్లగీత, గ్లాసులో కదలని నీళ్ళ అంచులా, ముందు నుంచి వెనకదాకా సమంగా.

ఎవరిదబ్బా ఇంత అందమైన బండి అనుకున్నాడు ముందు. తరవాత వెనక్కి తిరిగాడు.

"నేనూ పొద్దున్నుంచి చూస్తున్నానురా," అన్నాడు బాబాయి. "ఇంత బరువేసినా వెనక కుంగినట్టే లేదు. స్ప్రింగులు మార్పించావా?"

మిల్లీమీటర్ రోడ్డు దాటి పరిగెత్తాడు. ఈసారి బండి అంచు నుంచి కాదు, నేల నుంచి కొలిచాడు. ముందు తొమ్మిదివందల పన్నెండు. వెనక తొమ్మిదివందల పన్నెండు. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఎంత బరువు వేస్తారని ఆమె అడిగింది కబుర్ల కోసం కాదు. తొట్టిలో గెంతింది తిక్కతో కాదు. రోజంతా అద్దాలు మోసే బండి వెనక ఎంత కుంగుతుందో చూసుకుని, ఆ కుంగుబాటంతా గీతలో ముందే దాచిపెట్టింది. దారం లేకుండా, టేపు లేకుండా, రెండు గెంతులతో. తానేమో ఖాళీ బండిని కొలిచి ఆమె కుంచె లాగేసుకున్నాడు. ఆశ్చర్యంతోనో సిగ్గుతోనో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత గొప్ప పని తన బండి మీద జరిగిందని నమ్మడానికి అతనికి కాసేపు పట్టింది.

అంతలో మిషనతను గుర్తొచ్చాడు. గబుక్కున లేచి బండెక్కాడు.

"ఒరేయ్, అద్దాలు దించకుండా ఎక్కడికిరా?"

"దించితే సాక్ష్యం పోతుంది బాబాయ్!"

మనసు ఎగిరిపోతోంది, వెనక అద్దాలేమో ఎగరనివ్వవు. గుంట వస్తే ఆగి, గతుకు వస్తే బతిమాలి, సైకిళ్ళు కూడా దాటి పోతుంటే పళ్ళు నూరుకుంటూ షెడ్డు చేరాడు. మిషనతను బల్ల మీద కాగితాలు పరిచాడు. మాస్టరు చేతిలో పెన్ను ఉంది. మూలన ఆమె కడిగిన కుంచెలకి నూనె రాసి కాగితంలో చుడుతోంది.

"మాస్టరుగారూ, ఒక్కసారి బయటికి రండి."

"సాయంత్రం కదా అన్నాను?"

"బాబ్బాబు, ఒక్క నిమిషం. రోడ్డు అవతలికి వచ్చి చూడండి."

మాస్టరు గొణుగుతూనే రోడ్డు దాటాడు. తిరిగి చూశాడు. ఆ తరవాత గొణగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బండి చుట్టూ నడిచాడు. అయిదు అద్దాలనీ చూశాడు, కుంగిన స్ప్రింగుల్ని వంగి చూశాడు, మళ్ళీ గీతని చూశాడు.

"ముప్పై ఏళ్ళు," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్ళు ఖాళీ బళ్ళకే గీశాను బాబూ. బరువు మోసేటప్పుడు బండి ఎలా ఉంటుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఇది నేను నేర్పింది కాదు."

లోపలికి వెళ్ళి కాగితాలు మడిచి మిషనతని చేతిలో పెట్టాడు. "ఏమనుకోకు. ఈ షెడ్డుకి మిషను అక్కర్లేదు." కూతురి నెత్తి మీద చెయ్యి వేశాడు, అంతే. ఆమె కుంచెల చుట్టూ ఉన్న కాగితం విప్పేసింది.

"నేను తప్పు కొలిచాను," అన్నాడు మిల్లీమీటర్. "క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. మీరొక్కసారి అద్దంలో చూడాలి. దుకాణం దగ్గర. నేను చూసినట్టు."

ఆమె తండ్రి వైపు చూసింది.

"వెళ్ళిరామ్మా. గీసినదానివి నువ్వు చూడకపోతే ఎలా?" అన్నాడాయన. "మెల్లగా తోలు బాబూ. వెనక అద్దాలున్నాయి, పక్కన మా అమ్మాయి ఉంది."

మెల్లగానే తోలాడు. అతను బండిని మళ్ళీ అదే చోట ఆపాడు. ఆమె దిగి రోడ్డు దాటి దుకాణం ముందుకి వెళ్ళింది. ఆరు చట్రాలు వరసగా ఉన్నాయి.

"ఏదీ, అద్దం ఎక్కడ? ఇంకా పెట్టలేదా?" అంటూ మొదటి చట్రంలోంచి లోపలికి చెయ్యి చాపింది.

చెయ్యి మధ్యలో ఆగిపోయింది. అరచేతికి చల్లగా తగిలింది. ఆమె ఉలిక్కిపడింది గానీ చెయ్యి తియ్యలేదు. "ఇది అద్దమా? ఎక్కడా అంచే లేదే!"

"రబ్బరు కింద ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు లోపలికి. కనిపిస్తే నా పని చెడినట్టు."

అప్పుడు ఆమె చూపు అద్దం లోతుకి మారింది. నీలం బండి, దాని మీద తన గీత, కదలకుండా, సమంగా. తన పనిని అంత దూరం నుంచి ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. గీసిన బళ్ళన్నీ గీతలతో సహా వెళ్ళిపోయేవే. ఆ గీతనీ, అది కనిపించేలా చేసిన అద్దాన్నీ, పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ మనిషినీ ఆమె మార్చి మార్చి చూసింది. నిన్న తాను కుంచె వంక చూసినట్టే ఆమె తన వంక చూస్తోందని అతనికి తెలిసింది.

ఇక చెప్పేశాడు. "నాకు మీరంటే చాలా ఇష్టం. నిన్న మీరు కుంచె ఎత్తినప్పటి నుంచీ. అంత ఇష్టం పెట్టుకుని పొద్దున్న ఆ మాట అన్నాను."

"అబద్ధం చెప్పలేదుగా. దానికి కాదు నా కోపం," అందామె. "మీ కళ్ళు బాగుందన్నాయి. వాటిని మీరు నమ్మలేదు."

"ఇప్పుడు నమ్ముతాను."

"ఇప్పుడేమంటున్నాయి?"

"మీకూ నేనంటే ఇష్టమేనంటున్నాయి."

ఆమె పకపకా నవ్వి చెయ్యి తీసింది. తళతళలాడే అద్దం మీద ఆమె అరచెయ్యి అయిదు వేళ్ళతో సహా నిలిచిపోయింది. అలవాటు కొద్దీ అతను గుడ్డ అందుకున్నాడు.

"ఒరేయ్, ఆ చెయ్యి తుడిచావంటే కాళ్ళు విరగ్గొడతాను!" దుకాణం లోపల్నుంచి బాబాయి. ఎప్పట్నుంచి వింటున్నాడో! "కొట్టు ఓనరుకి నేను చెప్పుకుంటా. నువ్వు ముందు అమ్మాయి మాట విను. అమ్మా, మా వాడు కొలతల మనిషే గానీ బుద్ధి మంచిది."

"మా నాన్న ఆరింటికి షెడ్డు మూసేస్తారు," అంది ఆమె మిల్లీమీటర్‌తో, మొహం ఎర్రబడుతుండగా. "ఆలోగా వస్తే ఆయన్ని మీరే అడగొచ్చు."

ఇంకా అయిదు అద్దాలున్నాయి. బాబాయి అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుని రోడ్డు దాటుతున్నాడు. ఆమె గట్టు మీద కూర్చుంది. ఒక్కో అద్దం దిగినకొద్దీ బండి వెనక కొంచెం కొంచెం లేస్తోంది, దానితోపాటు గీత చివర కూడా లేస్తోంది. ఆఖరి అద్దం దిగాక అది పైకే చూస్తూ నిలబడింది.

"అయిదూ ఇరవై," అన్నాడతను చెమట తుడుచుకుంటూ. "పదండి, అడుగుతాను."