కన్ను తెరిచిన నరసింహుడు

ఎయిర్‌పోర్ట్ కార్గో షెడ్‌లో ఏజెంట్ మణిశంకర్‌కి ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా బేడీలతో డెబ్బై ఏళ్ల చిత్రకారుడు సూర్యప్రకాశం. దేశద్రోహి అంటూ పెద్దాపురం నడిబజార్లో, నలుగురూ చూస్తుండగా జీపెక్కించారు ఆయన్ని.

"ఆపరేషన్ ఉగ్రం," ఇయర్‌పీస్‌లో చీఫ్ జోగేశ్వరరావు. "నేవీ రాడార్ మ్యాప్, మైక్రోఫిల్మ్ మీద. ఎనిమిది ఉగ్రనరసింహ పటాల్లో ఒకదాంట్లో ఉంది. విదేశీ ముఠాకి అమ్మింది ఆ ముసలాడే. పావుగంటలో ఫ్లైట్. ఎంబసీ సరుకు, ఒక్క పటం అద్దం విప్పడానికే పర్మిషన్."

"ఆయనే అనడానికి ప్రూఫ్ ఏంటి సార్?"

"ఉమాశ్రీ రిపోర్ట్."

ఉమాశ్రీ అక్కడే ఉంది. డిపార్ట్‌మెంట్ ఆ ముఠాలోకి పంపిన ఏజెంట్. ఉప్పాడ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. నవ్వుతూ మూడో పటం మీద గోరు ఆనించింది.

"ఇదే. విప్పండి."

మణిశంకర్ ఆమె మాట వినలేదు. "ఇవన్నీ మీరు వేసినవేనాండి?" అని ముసలాయన్ని అడిగాడు.

"నావేనండి!" అన్నాడు సూర్యప్రకాశం. "జూలు, కోరలు, ఒళ్లో హిరణ్యకశిపుడు, పక్కన ప్రహ్లాదుడు, అన్నీ అయ్యాక ఆఖర్న కళ్లు. కన్ను తెరిచాక స్వామి మనల్ని చూస్తాడండి. ఇక కుంచె తాకించం."

ముసలాయన వరసగా పటాలు చూసుకుంటూ వెళ్లి ఆరోదాని దగ్గర ఆగిపోయాడు.

"ఎవరండీ ఈ పని చేసింది? కళ్లు తెరిచిన స్వామి మీద రంగు పూసిందెవరు?" షెడ్ దద్దరిల్లేలా అరిచాడు.

మణిశంకర్ పాకెట్ మైక్రోస్కోప్ పెట్టి చూశాడు. మిగతా ఏడింటిలో కంటి రంగు జూలు రంగు పైన ఉంది. ఇందులో జూలు వెంట్రుక ఒకటి కంటికొస మీదకి పాకింది. తర్వాత పూసిన రంగు.

"ఆరోది విప్పండి!"

ఉమాశ్రీ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. మణిశంకర్ ఆమె మణికట్టు మెలితిప్పాడు. బుల్లి పిస్టల్ కింద పడింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి! కత్తి మొనతో జూలు రంగు గీకితే ఫిల్మ్ మెరిసింది. ఫ్లైట్‌కి రెండే నిమిషాలున్నాయి.

మణిశంకర్ తన చేత్తోనే ముసలాయన బేడీలు తీశాడు.

"వెల్‌డన్," అన్నాడు చీఫ్. "ఆయనకి సారీ లెటర్ పంపిద్దాం."

"లెటరెందుకు సార్? నడిబజార్లో పరువు తీశారు. అదే బజార్లో, పట్టపగలు, మీరే ఆయన పక్కన నడిచి ఇంటిదాకా దింపండి."

చీఫ్ గొంతు తగ్గించి అడిగాడు.

"మారువేషంలో రావచ్చా?"