పేరుకి తిరిగే పడవలు

కడియంలో బంతి నారు ఎక్కిస్తున్న లారీ వెనక, పట్టపగలు, సైలెన్సర్ పిస్టల్‌తో సాల్మన్‌ని కాల్చేశారు. వేటపడవలకి తుఫాను హెచ్చరిక పంపే ప్రోగ్రాం రాసింది అతనే. కాపలా లేదు. ముందురోజే తీసేశారు.

"వాడు ద్రోహి అమ్మా," అన్నాడు నిఘా విభాగం చీఫ్ జగన్నాథరావు, రాజమండ్రి ఆఫీసులో ఏసీ కింద కూర్చుని. స్క్రీన్ తిప్పి చూపించాడు. \u0C32\u0C4B\u0C35... అలాంటి వరుసలు వందలు. "విదేశీ ముఠాకి సంకేతాలు. అందుకే గార్డుని పీకేశాను. వాడి కాంటాక్ట్‌ని పట్టుకో. అదే మిషన్."

ఏజెంట్ ఆశాజ్యోతి ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. పోయిన ఈస్టర్‌కి చర్చిలో తన పక్కనే నిలబడి, శ్రుతి తప్పి పాడిన సాల్మన్. ద్రోహా?

నర్సరీ కూలీ వేషం. చేతిలో మొక్కలకి అంట్లు కట్టే కత్తి; దాని పిడిలో పెన్‌డ్రైవ్. నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో కారు దిగింది సాయిదుర్గ. ముఠా జీతం తింటూ మనకి కబుర్లు మోసే మనిషి.

"ముద్దబంతి ఉందా అండీ?"

"ఉందండి. వేరు తెగింది."

కోడ్ కలిసింది. సాయిదుర్గ గొంతు తగ్గించింది.

"ప్రోగ్రాంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు తల్లీ మావాళ్లు. పడవల పేర్లు సాల్మన్ తెలుగులో రాశాడుగా? సర్వర్ ఎన్‌కోడింగ్‌ని ఆస్కీకి మార్చారు, ఇంగ్లిషు తప్ప ఇంకో అక్షరం రాదు దానికి. తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. ఇవాళ తుఫాను. ఏ పడవకీ పిలుపు వెళ్లదు. కోస్ట్‌గార్డ్ శవాలు ఏరుకుంటుంటే ఆయుధాల ఓడ ఒడ్డుకొస్తుంది."

"నంబర్లతో పిలవచ్చుగా?"

"నంబరుకి ఎవడు తిరుగుతాడమ్మా? మండుటెండలో కూడా తుఫానని నంబర్లకి మెసేజ్‌లు కొట్టారు మీ ఆఫీసర్లు. వేట పాడైంది. ఇప్పుడు పడవని పేరుపెట్టి పిలిస్తేనే నమ్ముతారు."

"మరి సాల్మన్‌ని ఎందుకు చంపారు?"

"విరుగుడు కనిపెట్టాడు. ప్రతి తెలుగు అక్షరానికీ దాని యూనికోడ్ నంబరు రాసుకుపోయాడు. ఉత్త ఇంగ్లిషు అక్షరాలూ అంకెలే. ఏ మెషీన్లో పెట్టినా చెడదు."

ఆశాజ్యోతి కత్తి పిడిని తడిమింది. చీఫ్ చూపించిన సంకేతాలు అవే. లోవమ్మ. సత్తెమ్మ. పడవలకి పెట్టుకున్న తల్లుల పేర్లు! అతన్ని పిలిచి ఒక్కమాట అడిగిన వాడు లేడు. అనుమానానికి మాత్రం ఆఫీసులో కొదవ లేదు.

హెచ్చరికల కేంద్రంలో సర్వర్ గదికి అడ్డంగా ఏసీ మెకానిక్ వేషంలో ముఠా మనిషి ఒకడు. వాడి నడుముకి పిస్టల్. తీసేలోపు కత్తి పిడితో కణత మీద ఒక్కటిచ్చింది. పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఎంటర్.

అంతర్వేది బయట ఆకాశం నల్లబడుతుండగా పడవల్లో ఫోన్లు గొంతెత్తాయి. "లోవమ్మా, వెనక్కి రా. సత్తెమ్మా, వెనక్కి రా." పడవలు తిరిగాయి. శవాలు ఏరే పని తప్పిన కోస్ట్‌గార్డ్ వెళ్లి ఆయుధాల ఓడని పట్టుకుంది.

సమాధి దగ్గర జగన్నాథరావు టోపీ తీశాడు. "పొరపాటు జరిగిందమ్మా. మీవాడికి పతకం ఇప్పిస్తాం."

సాల్మన్ తల్లి దేవకుమారి అతనివైపు చూడలేదు. ఆశాజ్యోతిని అడిగింది. "పడవలన్నీ వచ్చేశాయా అండీ?"

"అన్నీ వచ్చాయండి."

"అయితే సరే," అని పిడికెడు మట్టి వేసింది.

పతకంతో పాటు ప్రశంసాపత్రం వచ్చింది. ముందే అచ్చయిన కాగితంలో పేరు మాత్రం, ఇంకా ఆస్కీలోనే ఉన్న ఆఫీసు కంప్యూటర్ నింపింది. "శ్రీ ???????". బాగుచేయగలిగిన మనిషికి కాపలా తీసేశారు కదా.