నూనె సీసాలో ఊపిరి

వెల్డింగు షాపు మూతపడ్డాక అంజిబాబు కొత్తపేటలో ఓ కాలేజీ షెడ్డులో గ్యాసు కాపలాకి కుదిరేడు. ఆకాశంలోంచి రాలే, కంటికి కనపడని కణాల్ని లెక్కపెట్టే ఇనప గొట్టాలు అక్కడ వరసగా పేర్చి ఉండేవి. వాటిలో ఆర్గాన్ గ్యాసు నడుస్తూండాలి. రవ్వంత గాలి దూరినా లెక్క చెడిపోతుంది.

"ఆకాశంలోంచి పడేవాటిని మీరు పడతారు సరే, మన పెంకుల్లోంచి పడేదాన్ని ఎవరు పడతారండీ?" అనేది భార్య రాజ్యం.  అంజిబాబు లేచి కారేచోటల్లా గిన్నెలు పెట్టేవాడు.

తొంభై ఎనిమిది కార్తీకంలో ఓ సాయంత్రం. ముసురు. తడిసిన కొబ్బరి పీచు వాసన షెడ్డు నిండా. ఆ గొట్టాల మీద పరిశోధన చేసే సత్యప్రియ మేడమ్ గారు ఏడాదిగా పోగేస్తున్న లెక్క తెల్లారితే పూర్తి. ఈలోగా గ్యాసు చెడిందా, ఆ ఏడాదీ, ఆవిడ పీహెచ్‌డీ గోదాట్లో కలిసినట్టే.

గొట్టాల్లోంచి వచ్చే గ్యాసు, బయటి గాలి వెనక్కి దూరకుండా, రబ్బరు పైపు గుండా నూనె సీసాలోకి దిగి, బుడగలుగా పోతుంది. బుడుగ్... బుడుగ్... ఆ జోలకి అంజిబాబుకి కునుకు పట్టేది. మేడమ్ చూస్తే "ధ్యానమండీ" అనేవాడు.

ఆ చప్పుడు ఆగింది.

కళ్లు తెరిచేడు. సీసాలో నూనె, పైపు చివరి గాజు గొట్టంలోకి పైకి ఎక్కుతోంది.

"వానకి గొట్టాలు చల్లబడి గ్యాసు ముడుచుకుని ఉంటుందండీ. అందుకే లాగుతోంది," అన్నారు పక్కకొచ్చి చూసిన మేడమ్.

"ఆయ్."

నూనె దిగింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ దిగింది...

"చలి ఇలా వచ్చి పోతూంటుందాండీ?"

ఆవిడ సీసా మీదికి వంగేరు. నిద్రపోయే మనిషి ఛాతీ అలాగే కదులుతుంది. ఎక్కిన ప్రతిసారీ గ్యాసు శుభ్రత చూపే ముల్లు కాస్త కాస్త పడుతోంది. ఇంకో బెత్తెడు ఎక్కితే నూనె వెనకే గాలి.

అంజిబాబు సిలిండరు కట్టేసి, రబ్బరు పైపుని రెండు వేళ్లతో నొక్కి పట్టేడు.

పైపు లాగింది. చంటిపిల్ల నోట్లో వేలు పెట్టినట్టు... గొట్టాల్లో ఎక్కడో గోరు గీరిన చప్పుడు.

"మేడమ్ గారూ... లోపల ఎవరికో ఊపిరాడ్డం లేదండీ."

"వదలకండి," గుసగుసగా అన్నారావిడ. "నా ఏడాది, అంజిబాబు గారూ!"

వదల్లేదు. ధైర్యంతో కాదు, భయానికి వేళ్లు బిగుసుకుపోయి. లాగుడు గబగబా సాగింది. తర్వాత నెమ్మదించింది. తర్వాత... లేదు.

ముల్లు నిలబడింది. ఎన్నడూ లేనంత నిలకడగా.

"హమ్మయ్య! ఇక పైపు వదిలెయ్యండి."

"ఎప్పుడో వదిలేసేనండీ."

రెండు చేతులూ ఎత్తి చూపించేడు.

పైపు ఇంకా నొక్కే ఉంది. చూస్తూండగానే ఆ నొక్కు బిగిసింది. మేడమ్ ఏదో అనబోయి నోరు తెరిచేరు. మాట రాలేదు. ఊపిరీ రాలేదు. చెయ్యి మెడ మీదికి పోయింది.

అంజిబాబు ఒక్క ఉదుటున పైపు అందుకున్నాడు.

నొక్కు దగ్గర అతని వేళ్లకి వేరే వేళ్లు తగిలేయి. చల్లగా ఉన్నాయి. మరీ చిన్నవి.