ఎడమ పక్క అరుగుదల

రైల్వే డీజిల్ షెడ్డులో నా పని అరుగుదల చూడడం. బ్రేకు దిమ్మ ఎంత అరిగింది, ఎందుకు అరిగింది, ఇంకెన్నాళ్ళు పనికొస్తుంది... ఇరవై రెండేళ్ళుగా ఇదే. ఆ చూపే నాకు పాత కార్ల పిచ్చి అంటించింది. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఎక్కడ పాత కారు వేలానికి వచ్చినా కొనేవాళ్ళు "ముందు సూర్యానికి చూపించండి" అనేవారు. బండి నిజంగా అంత తక్కువే తిరిగిందా, ఏ భాగమైనా మార్చారా, అన్నీ ఒరిజినలేనా అని తేల్చి, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అంతే నా పని.

అనేవారు, అంటున్నాను. ఎనభై తొమ్మిదిలో రాయపూర్‌లో ఒక నల్ల కారు తొమ్మిది వేల మైళ్ళే తిరిగిందని రాసిచ్చాను. తీరా చూస్తే అది మీటరు వెనక్కి తిప్పిన బండి. నలుగురిలో నవ్వులపాలయ్యాను. తర్వాత రెండేళ్ళు నన్ను పిలిచిన మనిషి లేడు. తొంభై ఒకటి ఆగస్టులో బొగ్గు కంపెనీ ఇంజినీరు జయప్రకాష్ ఒక కారు చూడమని పిలిచాడు. పిలిచి, ముఖం మీదే చెప్పాడు.

"సూర్యంగారూ, మీ కన్ను మీద నాకింకా నమ్మకం ఉంది. ఈ సంతకం కూడా తప్పని తేలితే మాత్రం ఇక మిమ్మల్ని ఎవరూ పిలవరు. చూసుకోండి."

నాకు కావలసిందీ అదే. ఎవరూ వేలెత్తి చూపలేని ఒక్క కాగితం.

కోటా రోడ్డులో ఊరు దాటాక కాంట్రాక్టరు శంకరరావుగారి ఇల్లు. ఆయన పోయి ఏడాదైంది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ, డెబ్బై దాటిన మనిషి, ఇంట్లో సామానుతో పాటు కారునూ వేలం వేయిస్తోంది. వేలం మర్నాడు పొద్దున. నేను డ్యూటీ దిగి మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. ముసురు పట్టి ఉంది, కరెంటు లేదు. పెరట్లో రేకుల షెడ్డులో టార్చి వెలుగుకి బూడిదరంగు కారు కనిపించింది. యాభై నాలుగులో షోరూములో కొన్న విలాయతీ బండి. కంపెనీ పేరు చెప్పను, వాళ్ళ తప్పేమీ లేదు.

మీటరు మీద 1,143 మైళ్ళు.

నేను మీటరు మాట నమ్మను, రబ్బరు మాట నమ్ముతాను. బ్రేకు పెడల్ మీద గీతలు కొత్తగా అచ్చు వేసినట్టే ఉన్నాయి. డ్రైవరు సీటు స్ప్రింగు కుంగలేదు. డిక్కీలో స్టెప్నీ టైరు మీద ఫ్యాక్టరీ నాటి సన్నని రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు. బానెట్ కింద బోల్టుల మీద రంగు పగల్లేదు, అంటే స్పానరు తగల్లేదు. గంటన్నర గాలించాను. అన్నీ నిజమే చెబుతున్నాయి. లోపల్లోపల పొంగిపోయాను.

ఒక్కటి మిగిలింది. తక్కువ తిరిగిన ప్రతి బండికీ ఒక కారణం ఉంటుంది. యజమాని పోవడమో, చూపు మందగించడమో, స్పేరు పార్టు దొరక్కపోవడమో. ఆ కారణం తెలియకుండా సంతకం పెట్టకూడదని రాయపూర్‌లో గట్టి దెబ్బ తిని నేర్చుకున్నాను. వరండాలోకి వెళ్ళి ఆవిడనే అడిగాను.

"అమ్మా, బండిని ఎందుకు నడపలేదు?"

"నడిపితే అరిగిపోదేటి బాబూ?"

"ముప్పై ఏడేళ్ళలో పదకొండు వందల మైళ్ళేనా? ఏదో కారణం ఉంటుంది కదమ్మా."

"అచ్ఛా, టీ ఎట్టమంటావా?"

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ టీయే. ఒళ్ళు మండింది. ఈ పెద్దవాళ్ళతో ఇదే బాధ, అడిగినది తప్ప అన్నీ చెబుతారు. విసవిసా షెడ్డులోకి వచ్చి, అప్పటిదాకా పైపైనే చూసిన ఎడమ పక్క ముందు సీటు చూద్దామని ఆ తలుపు తీశాను.

కాళ్ళ కింద రబ్బరు పట్టా అరిగిపోయి ఉంది. అంతా కాదు. రెండు మడమల మేర. పక్కపక్కనే రెండు గుంటలు. రబ్బరు పోయి, కింద ఇనుము తేలి, ఆ ఇనుము కూడా నున్నబడి మెరుస్తోంది.

అది డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళ చోటు. అక్కడ పెడల్ ఉండదు, తొక్కడానికి ఏమీ ఉండదు. లక్ష మైళ్ళు తిరిగిన టాక్సీలో కూడా నేను అక్కడ అలాంటి అరుగుదల చూడలేదు. వేరే బండి పట్టా తెచ్చి వేశారేమోనని తిప్పి చూశాను. వెనక అచ్చు నంబరు డ్రైవరు పక్క పట్టాతో సరిపోయింది. అంటే అదీ ఒరిజినలే! ఒరిజినలైతే ఇంతలా ఎలా అరిగింది? ఇంతలా అరిగితే బండి ఇంత తక్కువ ఎలా తిరిగింది? తల పట్టుకున్నాను. చేతి దాకా వచ్చిన కాగితం జారిపోతోంది. ఎవరో నన్ను మళ్ళీ ఆడిస్తున్నారనిపించింది.

రెండు భాగాలు ఒరుసుకుంటున్నాయా లేదా అని అనుమానం వస్తే మా డీజిల్ షెడ్డులో మధ్యన కాగితం పెట్టి చూస్తాం. అదే చేశాను. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చించి, ఆ గుంటల మీద పరిచి, నాలుగు మూలలా టేపు వేశాను. నాలుగు తలుపులకీ తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. వెళ్ళి ఆవిడ పెట్టిన ఆ టీ తాగి, ఇరవై నిమిషాల్లో తిరిగి వచ్చాను.

కాగితానికి రెండు చిల్లులు.

"రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని షెడ్డులోంచే అరిచాను. ఇంకో కాగితం అతికించి, తాళం వేసి, ఈసారి కారుకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఎవడు వస్తాడో, ఎలా తీస్తాడో చూద్దామని పంతం.

వాన పెరిగింది. రేకుల మీద ఒకటే హోరు. తడి మట్టి వాసన, పాత తోలు వాసన, వాటి వెనక చెమట పట్టిన మనిషి వాసన. అది నాదే అనుకున్నాను. టార్చి వెలుగు కారు ముందు అద్దం మీద వేశాను. ఎడమ సీటు ఖాళీ. ఐదు నిమిషాలు... పది నిమిషాలు... వాన ఉన్నట్టుండి తెరిపి ఇచ్చింది.

అప్పుడు వినిపించింది.

గర్ర్...

కారు లోపల. కింద.

గర్ర్... గర్ర్...

సీటు మీద తోలు మెల్లగా కుంగింది. ఎవరో వీపు వెనక్కి ఆనించి, కాళ్ళు బిగబట్టి, నేలను తొక్కుతున్నారు. ఎదురుగా ఏదో వచ్చి పడుతుంటే... ఆపమని తొక్కినట్టు. ఎదురుగా ఉన్నది నేను.

లేవాలనుకున్నాను.

"రాసీసావేటి బాబూ?"

వెనక లక్ష్మీనరసమ్మ. చేతిలో లాంతరు. గుసగుసగా అడిగింది.

"ఎవరమ్మా... అది?"

"నాకేటి తెలుసు? బండితోనే వొచ్చింది. షోరూము కాడ్నించి తెచ్చిన్నాడే అక్కడ కూకునుంది. ఆయన బ్రేకు ఎయ్యకముందే అది తొక్కీసేది. ఆయన బయపడిపోయి నడపడం మానీసారు. దింపుదామని శానా చూసాం... దిగనేదు. అలగే ఒగ్గేసాం."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"చెప్తే ఎవుడు కొంటాడు? మేం ఏదీ మార్చనేదు, ఏదీ తియ్యనేదు. ఒరిజినలని రాసీ బాబూ."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భయం ఒక పక్క, ఉక్రోషం ఒక పక్క. ఇన్నేళ్ళలో ఇంత నిఖార్సైన బండి దొరకడం ఇదే మొదలు, దాన్లోనా ఇది కూర్చోవాలి! దాచితే మళ్ళీ అబద్ధం. చెబితే పిచ్చివాణ్ణి. చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాను. అన్ని భాగాలూ ఒరిజినల్. మైళ్ళు నిజం. ఎడమ పట్టా బండి నిలిచి ఉన్నప్పుడు కూడా అరుగుతోంది, కాగితం పెట్టి చూసుకోవచ్చు. కింద సంతకం పెట్టాను.

జయప్రకాష్ ఆ చివరి మాట చదివి పగలబడి నవ్వాడు. "మీ హాస్యానికేంగానీ" అంటూనే వేలంలో పాట పాడి బండి దక్కించుకున్నాడు. మూడు రోజులు మెకానిక్ చేతిలో పెట్టి, నాగపూర్‌లో వాళ్ళింటికి రైల్లో పంపడానికి గూడ్స్ షెడ్డు దాకా నన్నే నడపమన్నాడు. తను వెనక జీపులో వస్తానన్నాడు. కాదంటే నా కాగితాన్ని నేనే నమ్మనట్టు అవుతుంది. మరో కాగితం అతికించి స్టీరింగు పట్టుకున్నాను.

గోల్ బజార్ మలుపులో రిక్షా అడ్డొచ్చింది. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళకముందే పక్కన గర్ర్... మంది. నేను తల తిప్పలేదు. స్టేషను దాకా రోడ్డు తప్ప ఇంకేదీ చూడలేదు.

గూడ్స్ షెడ్డులో ఆపి దిగాను. ఆ కాగితం ఒక్కటీ సాక్ష్యంగా దాచుకుందామని అటు తిరిగి వెళ్ళి ఎడమ తలుపు తీశాను. కాగితం చీలికలై ఉంది. అరుగుదల ఎక్కడ చూసినా అక్కడికక్కడే రాసుకోవడం నాకు అలవాటు. తలుపు బార్లా తెరిచి ఉంచి, పక్కనే నిలబడి, తేదీ, వేళ, దూరం అన్నీ తీరిగ్గా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత తలుపు మూశాను. పొద్దునే అక్కడ పెట్టి వెళ్ళిన నా స్కూటరెక్కి ఇంటికి వచ్చేశాను.

నెలన్నర తర్వాత జయప్రకాష్ నాగపూర్ నుంచి డీజిల్ షెడ్డుకి ఫోన్ చేశాడు.

"సూర్యంగారూ, నెల్లాళ్ళు కాగితం పెట్టాను. గీత కూడా పడలేదు. ఇక్కడ తెలిసినాయనకి చూపిస్తే ఆ పట్టా ఎక్కడిదో పాతది తెచ్చి వేశారన్నాడు. మీ కాగితం చదివి అందరూ నవ్వారు. నన్ను చూసి కూడా నవ్వారు."

"సార్, నేను కళ్ళారా..."

"చాల్లెండి. ఇక ఈ పని మానుకోండి."

ఫోన్ పెట్టేశాడు. జన్మలో ఒక్కసారి, పిచ్చివాడంటారని తెలిసి కూడా నిజం రాస్తే, అదే అబద్ధమైపోయింది! ఎవరి మీద అరవాలో తెలియని కోపంతో స్కూటర్ స్టాండుకి వెళ్ళాను. బండి తీయబోతూ వంగాను.

మూడు నెలల కిందట కొన్న స్కూటర్ అది. ఆడవాళ్ళు పక్కకి తిరిగి కూర్చుంటే కాళ్ళు పెట్టుకోవడానికి వెనక, ఎడమ పక్కన ఫుట్‌రెస్ట్ ఉంటుంది. మా ఆవిడ ఉషారాణికి స్కూటరంటే భయం, ఒక్కనాడూ ఎక్కలేదు. నా వెనక ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు.

ఆ ఫుట్‌రెస్ట్ రబ్బరు రెండు మడమల మేర అరిగి ఉంది.

జేబులోంచి గేజీ తీసి కొలిచాను. లోతైన చోట రెండున్నర మిల్లీమీటర్లు మిగిలింది. ఎక్కి కూర్చునే ధైర్యం లేక ఇంటిదాకా తోసుకుంటూ నడిచాను. ఎప్పటికంటే బరువుగా ఉంది. వరండాలో స్టాండు వేసి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాను.

పొద్దున లేచి మళ్ళీ కొలిచాను. రెండు.

నోట్‌బుక్ తీసి తేదీ వేసి ఆ అంకె రాశాను. కింద సంతకం పెట్టడానికి చేయి రాలేదు.